ముందూ తర్వాతా

మా వంటింటి కిటికీలోంచి నది కనిపిస్తుందని ఫ్లాటు అమ్మినవాడు చెప్పాడు. మేం నమ్మాం. తీరా చేరి చూస్తే కనిపించింది సిమెంటు కాలవ. రెండు పక్కలా నిటారు గోడలు, అడుగున సిమెంటు పలకలు, మధ్యలో చీలమండ లోతు నీళ్ళు. ఆఫీసుకి ఆలస్యమైన గుమాస్తాలా ఆ నీళ్ళు అటూ ఇటూ చూడకుండా తలొంచుకుని పోతుండేవి. గోడ పక్కన కాలిబాట, బాట మీద బెంచీలు, బెంచీకో దీపస్తంభం. అంతా నీటుగా ఉండేది. వాసన కూడా ఉండేది గానీ, ఆ నేరాన్ని పక్క వీధి డ్రైనేజీ మీదికి నెట్టేసి అందరూ నది పరువు కాపాడేవాళ్ళు.

ఆ నదిని బాగుచెయ్యడానికి మా ఆడపడుచు వచ్చింది.

ఆమె చదువంతా నీళ్ళ గురించీ, నీళ్ళలో బతికేవాటి గురించీ. నదుల శాఖలో ఉద్యోగం. మా భవనం వెనక నుంచి పాత వంతెన దాకా ఉన్న ముక్కని ఆమె చేతిలో పెట్టి, దీన్ని మళ్ళీ నదిలా చేసి చూపించమన్నారు. ఉద్యోగం మా ఇంటి వెనకే కాబట్టి మా వెనక గదిలోనే దిగింది. మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "మా చెల్లెలు నది బాగుచేస్తోంది" అని తన ప్రెస్సులో చెప్పారు, పాల దుకాణంలో చెప్పారు, క్షవరం చేయించుకుంటూ సబ్బు నురగ మధ్యలోంచి కూడా చెప్పారు.

మా ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. అక్కడ జీతానికి దిద్దుతారు, బయట ఉచితంగా దిద్దుతారు. మందు సీసా మీద రాసింది, బస్సు వెనక అంటించింది, హోటల్లో ధరల పట్టిక, దేన్నీ వదలరు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గోడ మీది ఫోటో ఒంకరగా ఉంటే దాన్ని సర్దాకే కూర్చుంటారు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, చేతిసంచీలో మొనలు మార్చుకునే స్క్రూడ్రైవరు. తప్పు కనిపించాక ఊరుకోవడం ఆయన వల్ల కాదు. పెళ్ళైన కొత్తలో నా మాటల్ని కూడా దిద్దబోయారు. ఓ వారం వంట మానేశాక నా మాటల్లో తప్పులు వాటంతటవే తగ్గిపోయాయి.

మా ఆడపడుచు రాగానే గోడలు పగలగొట్టించింది. కొత్త గోడలు కడతారు కాబోలని జనం సంతోషించారు. కట్టలేదు. అడుగున సిమెంటు పలకలు పెకలించి గులకరాళ్ళు పోయించింది. తిన్నగా పోయే నీళ్ళని అటో వంపు ఇటో వంపు తిప్పించింది. ఒడ్డుని చెరిపి, బాటకీ నీళ్ళకీ మధ్య పల్లంగా మైదానం లాంటిది వదిలి, అక్కడ రెల్లూ తుంగా నాటించింది. అవి నాటినట్టు ఒక్కరికీ అనిపించలేదు. ఎవరూ పట్టించుకోక మొలిచినట్టు అనిపించింది. ఆ తర్వాత ఎండిపోయిన పెద్ద చెట్ల మొద్దుల్ని లారీలో తెప్పించి నీళ్ళలో పడుకోబెట్టి, కొట్టుకుపోకుండా గుంజలు దిగ్గొట్టించింది.

దాంతో మైకు బాబాయి మా ఇంటికొచ్చాడు. ఆయన మా భవనాల సంఘానికి అధ్యక్షుడు. ముందు మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు కాబట్టి ఆ పేరొచ్చింది.

"అమ్మాయ్, నీళ్ళలో చెట్లు పడిపోయాయి. చూశావా?"

"పడలేదు బాబాయిగారూ. మేమే వేయించాం."

"చచ్చిన చెట్లా?"

"అవునండీ. వాటి చాటున నీళ్ళు నెమ్మదిస్తాయి. గుంటలు పడతాయి. చేపపిల్లలు దాక్కుంటాయి."

బాబాయి నా వైపు తిరిగి, "మీ ఆయన లేడా అమ్మా?" అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళకి తప్ప చెప్పకూడని జబ్బేదో కనిపెట్టిన డాక్టరులా.

నాకు ఆ మొద్దుల మీద జాలేసింది. మర్నాడు మెట్ల దగ్గర కింది ఫ్లాటు పిన్నిగారు పలకరిస్తే, "ఆ దుంగలు మామూలువి కాదట పిన్నిగారూ, విదేశాల నించి ఓడలో వచ్చాయట" అన్నాను. సాయంత్రానికల్లా దుంగల ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు మొదలయ్యారు. ఒకావిడ దగ్గరికెళ్ళి ముట్టుకుని, మన చెట్లకి ఈ నునుపెక్కడిదంది.

మా ఆడపడుచు ఉడికిపోయింది. "వదినా! ఆ దుంగ మన సందు చివర గాలివానకి కూలిన చెట్టుదే! నువ్వూ చూశావు, కూలినప్పుడు!"

"చూశాను. నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళక్కూడా తెలిస్తే దుంగకి ఒరిగేదేముంది?"

"నిజం తెలిసి ఇష్టపడాలి వదినా."

"నన్ను మీ అన్నయ్య నిజం తెలిసే ఇష్టపడ్డారా?"

నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ఆమెతో వచ్చిన చిక్కే అది.

రెల్లు మనిషెత్తు పెరిగింది. ఫిర్యాదులు అంతకంటే ఏపుగా పెరిగాయి. దోమలన్నారు. అంతకుముందు దోమలు లేనట్టు. పామన్నారు. ఆ పాముని చూసినవాడు మా భవనాల్లో ఒక్కడూ లేడు, చూసినవాణ్ణి చూసినవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు. నదిని బాగుచేస్తామని చెప్పి గాలికొదిలేశారన్నారు. ఉదయం నడకకి వచ్చేవాళ్ళు రెల్లు వైపు చూసి, ముసురు రోజుల్లో ఇంట్లో విడిచిన బట్టల కుప్పని చూసినట్టు మొహం పెట్టేవాళ్ళు.

మూడో ఏడు వానాకాలంలో ఓ రాత్రి కుండపోతగా కురిసింది. అంతకుముందు అలాంటి వాన పడ్డప్పుడల్లా సిమెంటు కాలవ నిండి పొంగి, నీళ్ళు పిన్నిగారి ఫ్లాటులోకి వచ్చేవి. ఆవిడ మంచాలు ఇటుకల మీద ఎక్కించుకుని, మా ఇంట్లో పడుకునేది. ఈసారి నీళ్ళు ఆ పల్లపు మైదానంలోకి పరుచుకుని, రెల్లులో కాసేపు కూర్చుని, తెల్లారేసరికి ఎటొచ్చినవి అటే వెళ్ళిపోయాయి. పిన్నిగారి గడప తడవలేదు.

మా ఆడపడుచు పరుగెత్తుకుంటూ కిందికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

"పిన్నిగారూ, చూశారా? రాలేదు!"

"ఎలా వస్తాయమ్మా?" అంది ఆవిడ గర్వంగా. గుమ్మానికి అడ్డంగా కొత్తగా కట్టించుకున్న నాలుగంగుళాల ఎత్తు సిమెంటు గట్టుని కాలితో తట్టి చూపించింది. "మేస్త్రీ గట్టివాడు."

మా ఆడపడుచు ఆ గట్టుని చూసింది, నన్ను చూసింది. నేను గోడ మీది బల్లిని చూశాను.

అయినా ఆమె కుంగిపోలేదు. చెప్పొద్దూ, ఆ మొండితనం నాకు నచ్చేది. పొద్దున్నే మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని నీళ్ళలోకి దిగేది. గులకరాళ్ళు తిరగేసి, వాటి అడుగున అంటుకున్నవాటిని మెత్తటి బ్రష్షుతో నా తెల్ల పింగాణీ ట్రేలోకి రాల్చేది. ఆ ట్రేలో ఒకప్పుడు వచ్చినవాళ్ళకి టీ ఇచ్చేదాన్ని. అందులో ఏం తిరిగాయో తెలిశాక మా ఇంటికి చుట్టాల రాకపోకలు కాస్త తగ్గాయి. అందుకు నేనేమీ బాధపడలేదు.

వేసవి ముందు ఒకరోజు ఆ ట్రే పట్టుకుని పరుగున వచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. తడి బూట్లు విప్పలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"చూడు వదినా."

చూశాను. ఇసుక పుల్ల. గోరంత పొడుగు. అది కదిలింది.

"ఇసుక రేణువులు ఒక్కొక్కటీ ఏరి అంటించుకుని తన గూడు తనే కట్టుకుంటుంది. నీళ్ళు ఏమాత్రం బాగోకపోయినా బతకదు. ఇన్నాళ్ళూ ఒక్కటంటే ఒక్కటి లేదు వదినా. ఇవాళ రాయికి అరడజను."

పురుగు గూట్లోంచి తల బయటికి పెట్టి, నా వంటిల్లు చూసి, మళ్ళీ లోపలికి లాక్కుంది. తెలివైనదే.

మా ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి వంగి చూశారు. "పురుగులా? ఇంకా ఉన్నాయా? అయ్యో!" చెల్లెలి భుజం మీద చెయ్యేశారు. "బాధపడకమ్మా. మెల్లిగా అవే పోతాయి."

మేమిద్దరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వారు. ఆయన జోక్ వేశారనుకున్నాం.

వేసవి మధ్యలో శాఖ వాళ్ళు కబురంపారు. ఫిర్యాదులు ఎక్కువయ్యాయి కాబట్టి ఒక కమిటీ స్వయంగా వచ్చి చూస్తుంది, చుట్టుపక్కల జనం మాట కూడా వింటుంది. బాగుందంటే ఈ ముక్క ఇలాగే ఉంటుంది, మా భవనానికి ఎగువన ఇంకో ముక్క కూడా ఇస్తారు. బాగోలేదంటే మొత్తం తీసుకెళ్ళి సుందరీకరణ విభాగానికి అప్పజెబుతారు. ఆ విభాగానికి తెలిసిన సుందరి ఒక్కతే, సిమెంటు.

ఆ సాయంత్రం మా ఆడపడుచు టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది.

"జనం ఏమంటారు వదినా?"

"ఏమంటారో నీకు తెలీదా?"

"అందులో ఏం లేదనుకుంటున్నారు వాళ్ళు. అంతా ఉంది. ఎలా చెప్పను?"

నేను ఇంటిదాన్ని, నాకు తెలిసింది చెప్పాను. "చూడూ, మన ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే నేను ఇల్లంతా సర్దుతానా? హాలు సర్ది, మిగతా గదుల తలుపులు మూసేస్తాను. వచ్చినవాళ్ళు ఎంత పొందిగ్గా పెట్టుకుందో అనుకుని వెళ్తారు. నీ నదికి హాలు లేదు. గుమ్మంలోనే పడగ్గది."

ఆమెకి ఇష్టం లేదు. అయినా మనుషుల్ని పిలిపించి, బాట వెంబడి రెండు అడుగుల మేర గడ్డి సమంగా కత్తిరించి, అంచున చిన్న చిన్న కర్రలు పాతి తాడు కట్టించింది. నిజం చెప్పాలంటే ముచ్చటగా వచ్చింది. అడివి పొడుగునా ఫ్రేము కట్టినట్టుంది. ఎవరో కావాలనే ఇలా ఉంచారని, ఎవరో చూసుకుంటున్నారని తెలిసేలా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోతూ సాయంత్రం నడకకి వెళ్ళాను.

మైకు బాబాయి తాడు పట్టుకుని నిలబడున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మొత్తానికి మొదలెట్టారన్నమాట! సంతోషం అమ్మా. మిగతాది ఎప్పుడు కొట్టేస్తారు?"

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పలేక చెప్పాను. మా ఆడపడుచు, "అయితే నోరు విప్పి చెప్పాల్సిందే" అంది. చెప్పడానికి బోర్డు పెట్టించింది.

పెద్ద బోర్డు. బాట మొదట్లో, అందరూ ఆగే చోట. పక్కపక్కన రెండు ఫోటోలు, రెండూ ఒకే చోటు నుంచి తీసినవి. ఎడమవైపు సిమెంటు కాలవ, కింద రేకు ముక్క మీద 'ముందు'. కుడివైపు రెల్లూ, వంపులూ, దుంగలూ, కింద ఇంకో రేకు మీద 'తర్వాత'. వాటి కింద నాలుగే నాలుగు వాక్యాలు. ఎక్కువ రాస్తే ఎవరూ చదవరని నేనే కోసేశాను. ఆ కోసేసిన వాటిలో గోడలు ఎందుకు పగలగొట్టామో చెప్పేది కూడా ఉంది. మిగిలినవి చాలా అందంగా ఉన్నాయి, 'నదికి ప్రాణం పోద్దాం' లాంటివి. సిమెంటు ఫ్యాక్టరీ ముందు పెట్టినా నప్పుతాయి.

అవి పాఠ్యపుస్తకాలు అచ్చయ్యే రోజులు. మా ఆయన ప్రెస్సు నుంచి పొద్దుపోయాక గానీ వచ్చేవారు కాదు. బోర్డు వేరే ప్రెస్సులో చేయించామని కాస్త అలిగారు కూడా. కమిటీ వచ్చే ముందు రోజు సాయంత్రం తొందరగా బయల్దేరి, దారిలో బోర్డు చూసుకునే వచ్చారు. చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్నారు.

"ఏంటంత హుషారు?" అన్నాను.

"చవగ్గా వస్తుందని ఎవడికి పడితే వాడికిస్తే ఇలాగే ఉంటుంది. పోన్లే, మా చెల్లెలి పరువు నిలబెట్టాను. ఆమెకి చెప్పకు, కంగారు పడుతుంది."

ఏ రేకో ఒంకరగా ఉంటే బిగించి ఉంటారనుకుని కూర వడ్డించాను.

మర్నాడు కమిటీ వచ్చింది. నలుగురు మనుషులు, అందరికంటే ముందు ఒక పెద్దాయన. మర్యాదస్తుడు. బూట్లకి బురద అంటకుండా బాట మధ్యలోనే నడిచాడు. మైకు బాబాయి, పిన్నిగారు, ఉదయం నడకవాళ్ళు, అందరం చేరాం. మా ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మా ఆడపడుచు మాత్రం నీళ్ళలో ఉంది, కమిటీకి చూపించడానికి ట్రేలోకి పురుగులు ఏరుకుంటూ.

పెద్దాయన బోర్డు ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు.

"అబ్బ!" అన్నాడు. "ఎలా ఉండేదాన్ని ఎలా చేశారండీ! అడివి. అసలు నీళ్ళెక్కడున్నాయో కూడా తెలీడం లేదు. దాన్ని ఇంత చక్కగా..." అని సిమెంటు గోడల మీద వేలు ఆన్చాడు.

అప్పుడు చూశాను. రెల్లు కింద 'ముందు'. సిమెంటు కింద 'తర్వాత'. రేకులు రెండూ ఎంతో శ్రద్ధగా, సమంగా, మరల తలలు కూడా ఒకే వైపు తిరిగేలా బిగించి ఉన్నాయి. మరలు అలా బిగించే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే.

మా ఆయన వైపు చూశాను. ఆయన నాకు కన్ను గీటారు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

పెద్దాయన బోర్డు మీంచి తల తిప్పి నది వైపు చూశాడు. మొహం వాడిపోయింది. "మరి మళ్ళీ ఇలా తయారైందేంటి?"

"అదే కదా సార్ మా గోడు!" అన్నాడు బాబాయి. "కట్టినప్పుడు బానే కడతారు. తర్వాత చూసేవాడుండడు. మెయింటెనెన్సు సున్నా!"

ఆ బాబాయి పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. గోడలు పగలగొడుతుంటే కుర్చీ వేసుకుని చూశాడు. రెల్లు నాటుతుంటే సలహాలిచ్చాడు. బోర్డు మీద రాసుంది కాబట్టి, కళ్ళతో చూసిందంతా సర్దేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు.

మా ఆడపడుచు ట్రే పట్టుకుని ఒడ్డెక్కింది. పెద్దాయన ఆమెని చూసి ఆప్యాయంగా నవ్వాడు.

"చాలా మంచి పని చేశావమ్మా. జనం ఏవో అంటారు, నువ్వు పట్టించుకోకు. మళ్ళీ ఈ స్థితికి తెస్తే చాలు" అంటూ బోర్డు మీద సిమెంటుని చూపించాడు. "ఇంకో రెండేళ్ళు నీ చేతిలోనే ఉంచమని రాస్తాను. సరేనా?"

ఆమె బోర్డు చూసింది. ట్రేలో నీళ్ళు ఒక అంచుకి ఒరిగాయి.

నేను పక్కకి జరిగి మోచేత్తో పొడిచాను. "ఊరుకో," అన్నాను పెదవులు కదపకుండా. "రెండేళ్ళిస్తున్నాడు. తీసుకో. తర్వాత సంగతి తర్వాత."

నేనైతే తీసుకునేదాన్ని. ముందు వేళ్ళు దిగనిచ్చి, ఎగువ ముక్క కూడా సంపాదించి, అప్పుడు నింపాదిగా క్షమాపణ చెప్పేదాన్ని. కానీ ఆమె నేను కాదు కదా.

"సార్, ఆ రేకులు తారుమారయ్యాయి."

"లేదు సార్, లేదు!" మా ఆయన ముందుకొచ్చారు. చెల్లెలి మీద మాట పడకూడదని ఆయన తాపత్రయం. "ప్రెస్సువాడే తారుమారు చేశాడు, మా చెల్లెలి తప్పేం లేదు. నిన్న నేనే సరిచేశాను. నేను ప్రూఫ్ రీడర్నండీ. ఫోటోల కింద పేర్లు మారిపోవడం మా లైన్లో మామూలే."

ఆమె అన్నయ్య వైపు చూసింది. కోపంగా కాదు. చీకట్లో తెలిసిన గదే అనుకుని అడుగేస్తే గోడ తగిలినవాళ్ళు చూస్తారే, అలా.

తర్వాత పెద్దాయనతో చెప్పింది. "సార్, సిమెంటు ఉన్నది ముందు. దాన్ని తీసేసి ఇలా చేశాం. ఇదే బాగుచేసిన నది."

రెల్లులో ఏదో పిట్ట ఒకసారి కూసి, సందర్భం బాగోలేదని మానేసింది.

"అంటే," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా, "ఇంత చక్కటిదాన్ని పగలగొట్టి... ఇది చేశారా? కావాలనా?"

"అవును సార్."

వెనకనించి ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఇందాక ఆయన కళ్ళలో ఉన్న మంచితనం కాస్త కాస్తగా వెనక్కి పోవడం నాకు తెలుస్తోంది. చూసుకోక పాడైపోయిందంటే క్షమించేవాడే. ప్రాణం పెట్టి చేస్తే ఇలా తయారైందంటే ఏం చెయ్యగలడు?

ఆమె ట్రే ముందుకి చాపింది. "సార్, ఒక్కసారి ఇవి చూడండి. మంచి నీళ్ళలో తప్ప బతకవు. నాలుగేళ్ళ కిందట ఇక్కడ ఒక్కటి కూడా..."

పెద్దాయన ఒకడుగు వెనక్కేశాడు. "పురుగులు కూడా పట్టాయా!"

"పోయిన వానల్లో నీళ్ళు ఈ మైదానంలోకే వచ్చాయి సార్, ఇళ్ళలోకి రాలేదు. పిన్నిగారూ, మీరు చెప్పండి."

పిన్నిగారు ఉన్నమాటే చెప్పింది. అబద్ధమాడే మనిషి కాదు. "రాలేదండీ. గట్టు కట్టించుకున్నాను."

పాము గురించి కూడా ఎవరో చెప్పారు. పెద్దాయన బాట మధ్యలోంచే వెనక్కి నడిచి కారెక్కాడు. నిర్ణయం తర్వాత తెలియజేస్తామన్నాడు. కారు తలుపు వేసుకున్న తీరులోనే అది మాకు తెలిసిపోయింది.

ఇంట్లో మా ఆయన బూట్లు విప్పకుండా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. మా ఆడపడుచు ఎదురుగా కూర్చుంది. ట్రే మధ్యలో ఉంది. నేను టీ పెట్టాను. అలాంటప్పుడు ఎవరో ఒకరు టీ పెట్టాలి.

"అన్నయ్యా, ఇన్నాళ్ళూ నేను ఏం చేస్తున్నాననుకున్నావు?"

"నది బాగుచేస్తున్నావని."

"అదే. ఎలా?"

ఆయన మంచినీళ్ళ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరిపారు. "ఇల్లు కట్టేటప్పుడు కూడా మొదట అంతా తవ్విపోస్తారు కదమ్మా. అలాగే అనుకున్నాను. ఇవన్నీ అయ్యాక చివర్లో మంచి గోడ ఒకటి కడతావని. ఆ ఫోటో చూడగానే, ఓహో, ఇలా వస్తుందన్నమాట అనుకున్నా. ఎంత బాగుందో అనుకున్నా."

"అది పాతదని తెలీలేదా? రోజూ దాని పక్కనించే కదా ప్రెస్సుకి వెళ్ళావు, ఇన్నేళ్ళు?"

"నడిచేటప్పుడు ప్రూఫులు గుర్తు చేసుకుంటూ వెళ్తానమ్మా. కిందికి ఎప్పుడు చూశాను?"

"మరి పురుగులు చూపించానుగా. నేను ఏడుస్తుంటే నువ్వే కదా..."

"బాధపడుతున్నావనుకున్నాను" అన్నారాయన. అని, చటుక్కున లేచారు. "ఇప్పుడే వెళ్ళి మార్చేస్తాను. ఎంతసేపు, నాలుగు మరలు."

"వద్దులే అన్నయ్యా. టీ తాగు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయనా అదే అనుకున్నారని తర్వాత చెప్పారు.

వానలు రాకముందే సుందరీకరణ విభాగం యంత్రాలు దిగాయి. రెల్లు ఒక్క పూటలో పోయింది. దుంగల్ని లాగి ఒడ్డున పడేస్తే, ఓడలో వచ్చిన సరుకని నమ్మినవాళ్ళు కొందరు ముక్కలు కోయించి ఇంట్లో స్టూళ్ళుగా వేసుకున్నారు. నేను చేసినవాటిలో నిలబడింది అదొక్కటే.

గులకరాళ్ళు ఎత్తేసే ముందు రోజు మా ఆడపడుచు బకెట్టు పట్టుకుని దిగి, దొరికినన్ని ఇసుక పురుగుల్ని ఏరింది. నేను కూడా దిగాను. నీళ్ళు చల్లగా, కాలివేళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. అన్నేళ్ళలో నేను ఆ నదిలో కాలుపెట్టడం అదే మొదలు, అదే చివర.

"ఎక్కడ వదులుతావు?" అన్నాను.

"అదే చూస్తున్నా."

ఎగువన ఆనకట్ట దాకా సిమెంటు. దిగువన వంతెన దాటగానే ఊరి మురుగు కలుస్తుంది. బకెట్టు మా స్నానాలగదిలో ఉండిపోయింది. రోజూ నీళ్ళు మార్చింది, ఆకులు వేసింది, చేపల తొట్లలో పెట్టే చిన్న గాలిమోటారు కొనుక్కొచ్చి పెట్టింది. చాలావరకు చచ్చిపోయాయి. రెండు మాత్రం రెక్కలొచ్చి స్నానాలగది అద్దానికి అతుక్కుని కనిపించాయి. నేను కిటికీ తీశాను. బయట కాంక్రీటు మిక్సరు తిరుగుతోంది. అవి వెళ్ళలేదు. సాయంత్రానికి కిటికీ గట్టు మీద పడి ఉన్నాయి.

గోడలు లేచాయి. అడుగున పలకలు, పైన బెంచీలు, బెంచీకో దీపస్తంభం, ఈసారి తెల్లటి దీపాలు. జనం పిల్లాపాపల్తో చూడ్డానికొచ్చారు. మైకు బాబాయి మా ఆడపడుచుని బాట మీదే ఆపి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మొత్తానికి సాధించావమ్మా! ఆలస్యమైతేనేం, నది బాగుపడింది. మేం ఏదో తొందరపడి నాలుగు మాటలన్నాం, మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను బాబాయిగారూ" అంది.

ఆమెని శాఖవాళ్ళు లోపల కుర్చీకి మార్చారు. పైపులకి అనుమతులిచ్చే పని. బూట్లు బాల్కనీలో ఎండిపోయి పగుళ్ళిచ్చాయి.

బోర్డు మాత్రం అక్కడే ఉంది. సుందరీకరణ విభాగం వాళ్ళు తుడిచి, నదుల శాఖ గుర్తు మీద వాళ్ళ గుర్తు అంటించుకున్నారంతే. రెల్లు కింద 'ముందు', సిమెంటు కింద 'తర్వాత'. ఒకరోజు మా ఆయనా నేనూ కూరలకి వెళ్ళి వస్తుంటే ఆయన దాని ముందు ఆగారు. పై నుంచి కింది దాకా చదివారు. చేతిసంచీలో చెయ్యి పెట్టి, స్క్రూడ్రైవరు తీసి, కాసేపు పట్టుకుని, మళ్ళీ సంచీలో వేసుకున్నారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. తప్పేం లేదు" అన్నారు. అప్పట్నించీ ప్రెస్సుకి అవతలి వీధి మీదుగా వెళ్తున్నారు.

తర్వాతి వానకి కాలవ నిండి పొంగింది. తెల్లారేసరికి పిన్నిగారి ఫ్లాటులో మోకాలి లోతు నీళ్ళు. ఆవిడ గట్టు నీళ్ళ అడుగున ఎక్కడో ఉంది, మేస్త్రీ గట్టివాడే, చెక్కుచెదరలేదు. మా ఆడపడుచూ నేనూ దిగి, ముందు పరుపులు పైకి మోసి, తర్వాత బకెట్లతో నీళ్ళు ఎత్తిపోశాం. మా ఆయన ఆవిడ కుటుంబం ఫోటోలు ఒక్కొక్కటే తుడిచి, మా హాల్లో సోఫా మీద వరసగా ఆరబెట్టారు. ఒక్కదాన్నీ సర్దలేదు.

పిన్నిగారు మెట్ల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం వానమ్మా ఇది! నా ఎరికలో ఇంత వాన లేదు" అంది. నేల తుడుస్తున్న మా ఆడపడుచు వైపు ప్రేమగా చూసింది. "ఏదో నువ్వు నది బాగుచేసిపెట్టావు కాబట్టి ఇంతటితో పోయింది తల్లీ. ఆ అడివే ఉండుంటే ఈపాటికి కొట్టుకుపోయేవాళ్ళం."

మా ఆడపడుచు తడిగుడ్డని బకెట్లోకి పిండింది. నీళ్ళు మొత్తం కారేదాకా పిండింది.

"అవునండీ" అంది.